రాణి ఎక్కని పీటలు

అనగనగా ఒక రాజ్యంలో ఇద్దరు అన్నదమ్ములు కొట్టుకుని, దేశాన్ని తగలబెట్టి, ఇద్దరూ చచ్చారు. మిగిలింది చెల్లెలు విరజ.

గొడవ కడియాల మీద. వాళ్ళ తాత కాలంలో కంకాళుడనే మాంత్రికుడు సగం జనం కాళ్ళకు ఇనుప కడియాలు తొడిగి, దొరలకు బానిసల్ని చేశాడు. ఉండాలన్నాడు పెద్దన్న, తీసెయ్యాలన్నాడు చిన్నన్న. ఇద్దరూ పోయినా కడియాలు ఊడలేదు. అవి మాంత్రికుడు చస్తేనే ఊడతాయి, వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంది మరి.

విరజ ఒక్కతే వెళ్ళి చిలకను పట్టుకుంది. తిరుగుదారిలో ఏడు సముద్రాల పొడవునా ఆమెతో మాట్లాడింది ఆ చిలకే.

ఒడ్డు చేరాక చిలక అడిగింది, "నేను పోతే నీకు కబుర్లు చెప్పేదెవరు?"

"ఎవరూ లేరు," అని విరజ దాని మెడ విరిచింది.

కడియాలన్నీ ఊడిపడ్డాయి. రాణిగా సింహాసనమెక్కి, ఇక అంతా బాగుపడిందనుకుంది విరజ. అక్కడే పొరబడింది.

ఆ రాజ్యపు సభలో పీట ఉన్నవాళ్ళకే మాట. ఆ పీట తాతల నుంచి రావాలి. పోలి అనే ఆమె, తను దున్నిన చేను దొర లాక్కున్నాడని చెప్పుకోవడానికి వచ్చింది. పీట లేదు పొమ్మన్నారు. మర్నాడూ వచ్చింది, మళ్ళీ పొమ్మన్నారు. మూడోనాడు రాణి వైపే చూసింది.

"అమ్మా, కడియం ఉన్నప్పుడూ ఈ గుమ్మంలోనే నిలబడ్డాను. ఇప్పుడూ ఇక్కడే నిలబెట్టావు."

విరజ సింహాసనం దిగింది. కడియం ఊడిన ఆఖరి మనిషికి పీట పడేదాకా కూర్చోనంది.

రాణి నిలబడితే ఎవరూ కూర్చోకూడదు. రాణిగారి మోకాళ్ళు ఎన్నాళ్ళుంటాయో చూద్దామని దొరలు నవ్వుకున్నారు. వానాకాలం వచ్చేసరికి వాళ్ళే స్తంభాలు పట్టుకుని వేలాడుతూ, సరే వేయించమన్నారు.

అడవులు యుద్ధంలో కాలిపోయాయి. చెక్క ఎక్కడిది? అన్నల రథాలు విరగ్గొట్టి పీటలు కోయించింది విరజ. తను నిలబడ్డా పీట ఉన్నవాళ్ళు కూర్చోవచ్చంది. మొదటి పీట పోలికి. ఆమె కూర్చుని మధ్యాహ్నందాకా మాట్లాడింది. చేను ఆమెకే వచ్చింది.

అప్పుడే పొరుగు రాజకుమారుడు శశాంకుడు ఆమెను పెళ్ళాడతానని వచ్చాడు. చిలక పోయాక విరజను నవ్వించింది అతనే. పెళ్ళి పీటల మీద ఒక్క పూట కూర్చుంటే తప్పేమిటన్నారు దొరలు.

"కూర్చోమ్మా, మేమేమీ అనుకోం," అంది పోలి.

విరజ గుమ్మం వైపు చూసింది. పీటలు లేనివాళ్ళు వీధి చివరిదాకా ఉన్నారు. శశాంకుణ్ణి రేవుదాకా సాగనంపి, ఒక్కతే తిరిగొచ్చి, సభలో తన చోట నిలబడింది.

ఆమె చాలాకాలం ఏలింది. ఆఖరి పీట పడిననాటికి ఆమె జుట్టు తెల్లగా నెరిసింది. అందాకా ఆమె కూర్చోలేదు.