తలుపు అడుగున చప్పుడు

అనగా అనగా, కొండల నడుమ మంచు దిగే ఒక ఊరుందిరా కన్నా. ఆ ఊళ్ళో డప్పు కొట్టి కబుర్లు చాటే ఎర్రన్న, అతని పెళ్ళాం పారమ్మ ఉండేవాళ్ళు.

ఒక చలికాలం ఊరి మీద పాడు జ్వరం పడింది. సంతకెళ్ళొచ్చినవాళ్ళు ముందు దగ్గారు. ఆ తర్వాత వాళ్ళ పిల్లలు దగ్గారు. ఆ తర్వాత ఊరంతా దగ్గింది. పట్టపగలు వీధిలో మనిషి లేడు. ఏ తలుపు వెనకైనా దగ్గే.

అప్పుడు ఆసుపత్రి నర్సమ్మ కొండెక్కి వచ్చింది. "దగ్గితే పడే తుంపరల్లోనే ఉంది జబ్బు. మూతికి గుడ్డ కట్టుకోమను. సబ్బుతో చేతులు కడుక్కోమను. జ్వరమొచ్చినవాళ్ళని విడిగా ఉంచమను" అని ఎర్రన్నకి చెప్పి, పై ఊరికి వెళ్ళింది.

ఆ పూటే ఎర్రన్న మంచం పట్టాడు. పారమ్మ పాత చీర చింపి మూతికి కట్టుకుని, డప్పు భుజాన వేసుకుంది.

"ఆడదానివి, డప్పు కొడతావేటే?" అని మూలిగాడు ఎర్రన్న.

"జొరం ఆడా మగా చూసిందేటి మావా?" అంది.

ఇంటింటి ముందూ ఆగి ఆ మాటలే చాటింది. "రోజూ పొద్దున్నే వస్తాను. నేను డప్పు మీద మూడు దెబ్బలేస్తే, మీరు తలుపు మీద మూడు కొట్టండి. పలక్కపోతే లోపలికొచ్చి చూస్తాను" అంది.

మొదటి రోజు అన్ని తలుపులూ పలికాయి. రెండో రోజూ పలికాయి.

మూడో రోజు మంచులో దారే కనపడలేదు. చివరింట్లో కన్నమ్మవ్వ, తల్లీతండ్రీ లేని ఐదేళ్ళ మనవరాలు మంగి ఉంటారు. పారమ్మ డప్పు కొట్టింది. టక్... టక్... టక్. చప్పుడు తలుపు అడుగు నుంచి వచ్చింది.

"అవ్వా, కింద కూచున్నావేటే?"

డప్పు కొట్టకుండానే మళ్ళీ టక్... టక్... టక్. పారమ్మ తలుపు తోసింది.

అవ్వ గోడవైపు తిరిగి పడుకునుంది. ముట్టుకుంటే రాయిలా చల్లగా ఉంది. గుమ్మం దగ్గర మంగి, చేతిలో తెడ్డు పట్టుకుని నేల మీద పడుంది. ఒళ్ళు నిప్పు.

"అవ్వ లెగట్లేదు. డప్పు వినబడితే కొట్టమంది" అంది.

పారమ్మ పిల్లని దుప్పట్లో చుట్టి ఇంటికి తెచ్చింది. మోచేతుల దాకా సబ్బుతో తోముకుంది. ఊళ్ళో నలుగురే మూతులకి గుడ్డలు కట్టుకుని అవ్వని సాగనంపారు.

మంగిని విడిగా పడుకోబెట్టి, గంజి తాగించి, ప్రతిసారీ చేతులు కడుక్కుంటూ ఏడు రోజులు కాచుకుంది. ఆ పిల్ల చూరుకేసి చూసేదే గానీ, ఒక్క చుక్క కన్నీరు రాల్చలేదు.

ఎనిమిదో రోజుకి జ్వరం దిగింది. ఎర్రన్నా లేచి కూచున్నాడు. ఊళ్ళో ముగ్గురు పోయారు గానీ, మిగతా తలుపులన్నీ తెరుచుకున్నాయి. నర్సమ్మ వచ్చి, "ఇక భయం లేదు. ఈ పిల్లెవరి తాలూకు?" అంది.

"మా తాలూకే" అని పారమ్మ మంగిని ఒళ్ళోకి తీసుకుంది.

అప్పుడు, ఆ ఒళ్ళో, మంగి వాళ్ళవ్వ కోసం గట్టిగా ఏడ్చింది. పారమ్మ ఏడవనిచ్చింది.

కథ కంచి బాట పట్టె,
కళ్ళు నిదర బాట పట్టె.