పేరు చెప్పని పిడికెడు

సంత పోతోందని తెలిసిన రోజు కుళ్లాయప్పకు నోట్లోకి ముద్ద పోలేదు.

ఎర్రమిట్ట సోమవారం సంతలో అతను పలుపులూ పగ్గాలూ అమ్ముతాడు. అతని తండ్రి అక్కడే అమ్మాడు, తాతా అక్కడే అమ్మాడు. ఇప్పుడా మైదానాన్ని లారీలు నిలుపుకోవడానికి ఇచ్చేస్తారట. వచ్చే నెల గ్రామసభలో ఖాయం చేస్తారట. "సంత పడిపోయింది కదా, ఇక ఆ జాగా దేనికి?" అన్నాడట సర్పంచి. పడిపోవడమేమిటి? సోమవారం పొద్దెక్కితే అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు.

కుళ్లాయప్ప ఊరుకునే రకం కాదు, నోరున్న మనిషి. సంతలో ఎవరికి ఏ గొడవొచ్చినా ముందు అతన్నే పిలుస్తారు. తువ్వాలు భుజాన వేసుకుని నేరుగా పంచాయతీ ఆఫీసుకు పోయాడు.

"సంత పడిపోయిందని ఎవురు చెప్పినారు సార్ మీకు? వచ్చే సోమారం మీరే వచ్చి చూడండి, మనుషుల మింద మనుషులుంటారు," అన్నాడు.

సెక్రెటరీ కుర్రవాడే. కోప్పడలేదు, వెటకారమూ చేయలేదు. "అంతమంది కూర్చుంటే ఆశీలు రావాలి కదన్నా? వచ్చే వసూలు చూస్తే సంతలో పట్టుమని పదిమంది కూడా లేరు. మిగతావాళ్లంతా ఎక్కడున్నట్టు?" అని మామూలుగా అడిగాడు.

కుళ్లాయప్పకు దొంగకు తేలు కుట్టినట్టయింది. నోరు తెరిచాడు, మూశాడు, ఎట్లా వచ్చినవాడు అట్లాగే బయటపడ్డాడు.

ఎందుకో చెప్పాలి. సంతలో సరుకు దించుకుని కూర్చున్న ప్రతివాడూ పంచాయతీకి కట్టాల్సిన రుసుమే ఆశీలు. కట్టినవాడికి పేరు రాసి చీటీ ఇవ్వాలి. ఆ వసూలు హక్కును వేలం పాడేవాళ్లు లేక పంచాయతీయే ఓబులేసు అనే మనిషిని పెట్టి వసూలు చేయిస్తోంది. ఆ ఓబులేసుతో బేరం కుదిర్చింది సాక్షాత్తూ కుళ్లాయప్పే. సగం చేతిలో పెడతాం, చీటీ అడగం. ఓబులేసుకు జేబు నిండింది, వీళ్లకు సగం మిగిలింది, పంచాయతీకి దుమ్ము మిగిలింది. చూస్తుండగానే వరస వరసంతా ఆ దారి పట్టింది. అప్పట్లో అందరూ కుళ్లాయప్ప వీపు తట్టి "బుర్రంటే నీదప్పా" అన్నారు. అతనూ మీసం దువ్వుకున్నాడు.

అది తప్పని అతనికి ఒక్కనాడూ అనిపించలేదు. ఎందుకనిపిస్తుంది? సంతలో తలదాచుకునే నీడ లేదు. తాగడానికి చుక్క నీళ్లు లేవు. ఆడవాళ్లకు అవసరమైతే కంపచెట్ల చాటే దిక్కు. ఇదంతా చూసి కూడా "ఆశీలు కట్టు నాయనా" అనడానికి ఎవరికైనా నోరు రావాలి కదా!

మర్నాడు గురువారం. కుళ్లాయప్ప సంచిలో కాసిని బియ్యం పోసుకుని తకియాకు బయల్దేరాడు.

ఊరి బయట గుట్ట కింద హొన్నూరు సామి ఉండే మఠమే ఆ తకియా. సామి ఫకీరు. ఆయన దగ్గరకు సాయిబులూ వస్తారు, మిగతావాళ్లూ వస్తారు. ఎవరు ఏమిటని ఆయన అడగడు. కుళ్లాయప్ప మీసాలు రాని రోజుల నుంచీ ఆయన శిష్యుడు.

గురువారం మధ్యాహ్నం అక్కడ అందరూ కలిసి తింటారు. దానికో పద్ధతి ఉంది. వచ్చినవాడు గడప దగ్గరున్న కుండలో పిడికెడు బియ్యం వేసి, పేరు పైకి చెప్పి లోపలికి రావాలి. సామి కుండ పక్కనే కూర్చుని వింటాడు. వినబడినన్ని పేర్లకే ఎసరు పెడతారు, అన్ని పేర్లకే విస్తర్లు వేస్తారు. లేనివాడు రెండు గింజలు వేసినా అడిగేవాడు లేడు. పేరు మాత్రం చెప్పాల్సిందే.

కుళ్లాయప్ప గడప దగ్గరే అందుకున్నాడు. "సామీ, మీరొచ్చి ఒక్కమాట చెప్పల్ల. మీ మాటంటే సర్పంచికి బయం. మా సంతను మింగేస్తాండారు."

సామి అంతా విన్నాడు. ఓబులేసు బేరం సంగతి ఆయనకు కొత్త కాదు. దాన్ని గొప్పగా చెప్పుకున్నవాడు కుళ్లాయప్పే. సెక్రెటరీ అడిగిన మాట దాకా వచ్చేసరికి మాత్రం తల ఎత్తాడు.

"దానికి నువ్వేమంటివి?"

"ఏమంటా సామీ? వచ్చేస్తి." కుళ్లాయప్ప తల దించుకున్నాడు. అంతలోనే మళ్లీ ఎత్తాడు. "అయినా తప్పేముంది? దొంగలకు ఎందుకియ్యల్ల? ఇస్తే నీడేస్తారా, నీళ్లిస్తారా? తినేస్తారు. నేనియ్యను. యా దేవుడొచ్చి చెప్పినా ఇయ్యను."

"సరే," అన్నాడు సామి.

కుళ్లాయప్ప సంచిలో చెయ్యి పెట్టి పిడికెడు తీశాడు. కుండ మీదికి చాచేసరికి సామి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"సగం చాల్లే."

"సామీ?"

"సగం నువ్వే పెట్టుకో. మిగతాది కుండలోకొద్దు, ఇట్ల నా చేతిలో పెట్టు. పేరు చెప్పొద్దు."

కుళ్లాయప్ప ముఖం వెలిగింది. ఇన్నేళ్ల శిష్యరికం ఊరికే పోతుందా, సామికి నేనంటే ప్రత్యేకం అనుకున్నాడు. సగం పిడికెడు ఆయన చేతిలో పోసి, మిగతాది సంచిలోకి జార్చి, ఛాతీ విరుచుకుని లోపలికి పోయి గోడవారన మంచి చోటు చూసుకుని కూర్చున్నాడు. సామి ఆ బియ్యాన్ని జుబ్బా జేబులో పోసుకున్నాడు.

అన్నం ఉడికింది. పప్పు వాసన గుట్ట దాకా పోతోంది. సామి తానే విస్తర్లు పట్టుకుని ఒక్కో పేరూ పిలుస్తూ వేసుకుంటూ వచ్చాడు. గంగులమ్మకు వేశాడు. ఆమె సంతలో మిరపకాయలు అమ్ముతుంది, కుళ్లాయప్ప పక్క చోటే ఆమెది. ఇక్కడా అతని పక్కనే కూర్చుంది. ఆమె తర్వాత కుళ్లాయప్ప. సామి గుంజను తప్పుకున్నట్టు అతన్ని తప్పుకుని అవతలి మనిషికి విస్తరి వేశాడు.

మరిచిపోయాడేమో అనుకున్నాడు కుళ్లాయప్ప. చిన్నగా దగ్గాడు. సామి వెనక్కి తిరగలేదు.

"సామీ, నాకు..."

సామి ఆగి గంగులమ్మను అడిగాడు. "ఈడ ఎవురన్నా ఉండారామ్మా?"

ఆమె తికమకపడింది. "కుళ్లాయప్ప ఉండాడు కద సామీ."

"ఆ పేరు నాకు వినబడలేదే," అని ఆయన ముందుకు పోయాడు.

వడ్డన అయింది. అందరూ కలుపుకుంటున్నారు. సామి ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుని, జేబులోంచి చిటికెడు చిటికెడు బియ్యం తీసి నోట్లో వేసుకుని నమలసాగాడు. పంటి కింద గింజలు పటపటమంటున్నాయి. ఎవరో కిసుక్కుమన్నారు. కుళ్లాయప్ప చెవులు ఎర్రబడ్డాయి.

అప్పుడే పొరుగూరి నుంచి ఒక పెద్దమనిషి చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. కుండలో పిడికెడు వేసి పేరు చెప్పాడు. లోపల చూస్తే జనం ఇరుక్కుని కూర్చున్నారు, ఎక్కడా ఖాళీ లేదు. సామి లేచి ఆయనకొక విస్తరి ఇచ్చి కుళ్లాయప్ప వైపు చెయ్యి చూపించాడు.

"ఆ జాగా ఖాళీగానే ఉంది. పోయి కూర్చోప్పా."

కుళ్లాయప్ప దిగ్గున లేచాడు.

"ఖాళీ ఏంది సామీ! నేనుండాను! ఈడ మనిషి కూర్చోనుంటే కనబడ్లేదా? నన్ను లేపి ఇంగొకర్ని కూర్చోబెడతారా? నేను బియ్యమిచ్చినా!"

"కుండలో వేసినావా?"

"మీరే కద చేతిలో పెట్టమంటిరి! మీరే కద సగం చాలంటిరి!"

సామి దవడలు ఆడుతూనే ఉన్నాయి. కుళ్లాయప్ప ఆ దవడలను చూశాడు, జుబ్బా జేబును చూశాడు. పక్కన గంగులమ్మ కలుపుతున్న చెయ్యి విస్తరిలోనే ఆగిపోయింది. ఆమెదీ సగమే కదా, ప్రతి సోమవారం.

కుళ్లాయప్పకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం దిగుతుందా? అర్థమైన కోపం ఇంకా మండుతుంది.

"అయితే ఆ దొంగలకు కట్టమంటారా సామీ? కట్టి నోరు మూసుకొని కూర్చోమంటారా?"

సామి నవ్వాడు. "నోరు మూసుకోమని నేనంటినా? నిన్న ఆఫీసులో మూసుకొని వచ్చింది నువ్వు." మిగిలిన గింజలు నోట్లో వేసుకుని చేతులు దులుపుకున్నాడు. "కట్టినోడు గొంతు చించుకోవచ్చురా. దాక్కున్నోడు దగ్గొచ్చినా మింగుకోవల్ల."

పొరుగూరి మనిషి పాపం విస్తరి పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. కుళ్లాయప్ప పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చాడు. తాను తినకుండానే ఇంటికి పోయాడు. తినమని సామీ బతిమాలలేదు.

సోమవారం ఎండ చిటపటలాడుతోంది. సంత కిటకిటలాడుతోంది. ఓబులేసు ఎప్పటిలాగే చెయ్యి చాపుకుంటూ వచ్చాడు. కుళ్లాయప్ప పూర్తి ఆశీలు అతని చేతిలో పెట్టాడు.

"ఏందిది?" అన్నాడు ఓబులేసు.

"పేరు రాసి చీటీ ఇయ్యి."

"పుస్తకం తేలేదు."

"పోయి తీసుకరా. నేనేడికీ పోను."

ఓబులేసు కిందికి వంగి గొంతు తగ్గించాడు. "తిక్క గాని లేచిందా నీకు? ఒగరికి రాస్తే అందరికీ రాయాల్సొస్తాది. ఇన్నాళ్లూ ఏమైందని పైన అడుగుతారు. నా ఉద్యోగం పోతే పోతాది, బేరం తెచ్చింది ఎవురని అడిగితే నేను నీ పేరే చెప్తా. ఆలోచన చేసుకో."

కుళ్లాయప్ప ఆలోచించాడు. అది ఉత్త బెదిరింపు కాదు, నిజం. చుట్టూ చూశాడు. ఎప్పుడూ వీపు తట్టే చేతులు సరుకు సర్దుకుంటున్నాయి. చింతపండు రంగయ్య అయితే మొహం మీదే అనేశాడు. "నీకు పుణ్యముంటాది, మా కడుపు కొట్టాకు. ఈ వయసులో హరిశ్చంద్రుడి అవతారమెందుకు?"

అయినా కుళ్లాయప్ప చీటీ కోసం చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"చెప్పుకో పో. నా పేరే చెప్పు. బేరం నాదే, నేనే తెచ్చినా. ముందు చీటీ రాయి."

ఓబులేసు తిట్టుకుంటూ చొక్కా ఎత్తి నడుములోంచి పుస్తకం తీశాడు. ఉంది! లేనిదల్లా రాసే బుద్ధే. పెన్ను అక్కడక్కడా గీరి చూశాడు.

"నాదీ రాయప్పా," అంది పక్కనుంచి గంగులమ్మ, కొంగుముడి విప్పుకుంటూ. "గంగులమ్మ, మిరపకాయలు." ఆ వరసలో ఇంకెవరూ కదల్లేదు.

"ఉండమ్మా, ఒగరి తర్వాత ఒగరు," అని విసుక్కుని ఓబులేసు కుళ్లాయప్ప వైపు తిరిగాడు. "ఊఁ, పేరు?"

ఇన్నేళ్లూ వారం వారం చెయ్యి తడిపించుకున్నవాడికి ఆ పేరు తెలియక కాదు. కుళ్లాయప్ప పగ్గాల కుప్ప మీదికెక్కి నిలబడ్డాడు.

"కుళ్లాయప్ప!" అని అరిచాడు. "పలుపులు, పగ్గాలు! మా నాయన కూర్చున్న జాగాలోనే! ఈడ నీడ లేదు, నీళ్లు లేవు, ఆడోళ్లకు మరుగు లేదు! రేపు ఆఫీసుకొస్తాండా!"

సంత సగం ఇటు తిరిగింది. ఓబులేసు చెవిలో వేలు పెట్టుకున్నాడు.

"అంత గట్టిగా అరిచేదెందుకప్పా? పక్కనే ఉండాను, వినబడతాంది."

"నీకు కాదులే చెప్తాండేది," అన్నాడు కుళ్లాయప్ప. పంచాయతీ ఆఫీసు వైపు తిరిగి, గొంతు ఇంకా పెంచి, మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు.