క్యాను లోపలి జిగట

ఓబుళయ్యగారి మఠంలో భోజనాల వేళ దాటాక చెంచురామయ్య వచ్చి ఆయన దగ్గర కూలబడ్డాడు. ఎన్నో ఏళ్ళుగా అక్కడి అన్నదానం నడుపుతున్న ఆ శిష్యుడికి ఆ రోజు ప్రాణం విసిగిపోయింది.

"అయ్యా, ఎంత మంచివాళ్ళను తెచ్చి పెట్టినా మన వంటశాలలో ఏడాది తిరక్కుండానే ఎందుకు చెడిపోతున్నారు?"

సంగతి వడ్డించే నాంచారమ్మది. వచ్చిన కొత్తలో ఆమె అడక్కముందే మారు వడ్డించేది. "చెయ్యి కాస్త బిగబట్టమ్మా" అని నేర్పింది చెంచురామయ్యే. పని నేర్పడమే కదా అనుకున్నాడు. ఇవాళ ఒక ముసలాయన ఇంకాస్త పెరుగన్నం అడిగితే "మళ్ళీనా?" అని కసిరింది. ఆయన విస్తరి మడిచి లేచిపోయాడు. సాయంత్రంలోగా ఆమెను పంపేయాలని చెంచురామయ్య నిశ్చయించుకున్నాడు. పంపితే ఆమెకు తలదాచుకునే చోటు లేదు. అదీ అతనికి తెలుసు.

గురువుగారు మంచినీళ్ళు అడిగారు. ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశారు.

"వాసనొస్తున్నాయి."

"పొద్దున వచ్చిన నీళ్ళేనయ్యా! సీలు నేనే తీసి మన క్యానులో పోశాను."

యాత్రికులకు కడుపులో తిప్పినప్పుడల్లా చెంచురామయ్య నీళ్ళవాణ్ణి నాలుగు తిట్టి ఇంకొకణ్ణి మాట్లాడేవాడు. మఠం క్యాను మాత్రం మారలేదు. దాత పేరు రాయించుకుని, కాషాయం తొడుగు వేసుకుని, అక్కడున్న అందరికన్నా అదే పెద్ద విరాగిలా కూర్చుని ఉండేది.

"తొడుగు తీసి లోపల వేలు పెట్టి చూడు" అన్నారు గురువుగారు.

చెయ్యి దూరని మూతి అది. చూపుడువేలు దూర్చి లోపలి గోడను రుద్దితే జిగట అంటింది. మఠానికి వచ్చే డాక్టరు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. బ్యాక్టీరియా నీళ్ళతోపాటే పోదట, గోడను కరుచుకుని ఉండి కొత్తగా పోసిన నీళ్ళలోకి దిగుతుందట. ఆనాడు తలూపి ఊరుకున్నాడు. ఇప్పుడు సిగ్గేసింది.

"క్యాను ఇవాళే మార్పిస్తానయ్యా. మరి నాంచారమ్మను...?"

గురువుగారు అలసటగా కళ్ళు నులుముకున్నారు.

"నీళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. ఇన్నేళ్ళుగా ఇక్కడే అంటిపెట్టుకుని ఉన్నదెవరు, చెంచురామయ్యా?"

అతను వేలిని పంచెకు తుడుచుకోబోయి ఆగిపోయాడు.

"నువ్వొక్కడివే అనుకోకు" అన్నారు గురువుగారు. "నువ్వు నేర్పుతుంటే వింటూ కూర్చున్నాను. నన్నూ కలుపుకో."