హేవర్లింగ్ ప్రభువు చదివిన ఆరు సంపుటాలు

ఎండకంటే వాన ఎక్కువగా ఉండే ఇంగ్లండు దేశంలో, ఒకానొక కాలంలో హేవర్లింగ్ అనే ప్రభువు ఉండేవాడు. ముప్పై ఏళ్ళు పార్లమెంటులో కూర్చున్నాడు. ప్రభుత్వాలు నాలుగు మారినా ఆయన మంత్రి పదవి మాత్రం చెక్కుచెదరలేదు. ఓడెక్కితే కళ్ళు తిరిగే మనిషి నౌకాదళాన్ని ఏలాడు. బార్లీకీ గోధుమకీ తేడా తెలియని మనిషి వ్యవసాయాన్ని ఏలాడు. ఇప్పుడు ఆయన కన్ను విద్యాశాఖ మీద పడింది.

ఆ పదవికి ఆయన చూపించుకునే అర్హత ఒక్కటే, భవనంలోని సొంత గ్రంథాలయం. తండ్రిగారు పోగుచేసిన పన్నెండు వేల పుస్తకాలు నేల నుంచి కప్పుదాకా నిండి ఉండేవి. "అన్నీ చదివేశాను" అని ప్రభువు నలుగురిలో చెప్పుకునేవాడు. నిజానికి ఆయన అతిథులతో ఆ గదిలోకి వచ్చి, అతిథులతోనే బయటికి పోయేవాడు.

ఆ పుస్తకాలను కంటికి రెప్పలా చూసుకునేవాడు ఏమస్ పెల్. అరవై దాటిన ఒంటరి మనిషి. గ్రంథాలయం పక్క గదే అతని ఇల్లు.

ఒక సోమవారం ప్రభువు అతణ్ణి పిలిచాడు.

"పెల్, నెలాఖరుకి నువ్వు వెళ్ళిపోవచ్చు. అన్నీ నేను చదివినవే. ఏది ఎక్కడుందో నాకే తెలుసు. ఇక నీతో పనేముంది?"

ఈ వయసులో ఎక్కడికి పోవాలి అనుకున్నాడు పెల్. పోనీ తన సంగతి ఎలాగైనా, రెండు వానాకాలాలు గడిచేసరికి పుస్తకాలన్నీ బూజు పట్టిపోతాయి. అదే అతణ్ణి ఎక్కువ బాధపెట్టింది. అయినా ముఖాన ఏమీ కనబడనివ్వలేదు.

"చిత్తం ప్రభూ. ఒక్క మనవి. గురువారం ప్రధానమంత్రి గారు భోజనానికి వస్తున్నారు కదా! నేనొక పుస్తకం పేరు చెబుతాను. వారి ఎదుట తమరు స్వయంగా తీసి చూపించండి. నాతో పనిలేదని వారూ ఒప్పుకుంటారు."

ప్రభువు ఉబ్బిపోయాడు. అంతలోనే గొంతు తగ్గించి, "ఏ పుస్తకమో ముందే చెప్పి ఉంచు" అన్నాడు.

"'మాట తప్పని మంత్రుల చరిత్ర', ఆరు సంపుటాలు. పడమటి గోడకి మూడో అర. ఎర్ర తోలు అట్టలు ప్రభూ."

ప్రభువు గుమ్మంలోంచే తొంగిచూశాడు. ఎర్ర తోలు మీద బంగారు అక్షరాలు తళతళలాడుతున్నాయి. దగ్గరికి పోయి ముట్టుకుందామని ఆయనకి తోచలేదు.

గురువారం ప్రధానమంత్రి వచ్చాడు. బక్కపలచని వృద్ధుడు, మాట పొదుపు. పెల్ వినయంగా పుస్తకం పేరు చెప్పాడు.

"ఆహా! అది నా ప్రాణం" అని ప్రభువు అందుకున్నాడు. "మూడుసార్లు చదివాను. నాలుగో సంపుటం చదువుతుంటే కళ్ళు చెమర్చాయంటే నమ్మండి!" ఇలా పావుగంట సేపు ఆ గ్రంథం గొప్పతనం వర్ణించి, గోడ దగ్గరికి నడిచి, మొదటి సంపుటం పట్టుకుని లాగాడు.

రాలేదు. గట్టిగా లాగాడు. అప్పటికీ రాలేదు. చివరికి రెండు చేతులా పట్టుకుని బలమంతా పెట్టి లాగేసరికి, అరలకి అరలే కిర్రుమంటూ తలుపులా తెరుచుకున్నాయి! లోపల ఇరుకు మెట్లు. మెట్ల మీద టీ పళ్ళెంతో వంటమనిషి మార్తా.

"కాస్త మెల్లగా లాగండి అయ్యగారూ, టీ ఒలికిపోయేది! ముప్పై ఏళ్ళుగా ఈ తలుపులోంచే పెల్ గారికి టీ తెస్తున్నాను" అంది మార్తా.

ఆ దేశపు పెద్ద భవనాల్లో అదొక ఆచారం. పనివాళ్ళు తిరిగే తలుపు గ్రంథాలయంలో కనిపిస్తే గోడ అందం చెడుతుందని, దాని మీద ఉత్తుత్తి పుస్తకాల వెన్నులు అతికించి, లోకంలో లేని పేర్లు సరదాకి రాయించేవారు.

ప్రభువు ముఖం కందగడ్డలా అయింది. ప్రధానమంత్రి కళ్ళజోడు సవరించుకుని ఆ బంగారు అక్షరాలు చదివాడు.

"మాట తప్పని మంత్రుల గురించి ఆరు సంపుటాలా! నా నలభై ఏళ్ళ అనుభవంలో ఒక్క పేజీకి సరిపడా మనుషులు తగల్లేదే!" అన్నాడు పొడిగా.

విద్యాశాఖ చేజారిపోయిందని ప్రభువుకి అర్థమైంది. పళ్ళు పటపట కొరుకుతూ పెల్ వైపు తిరిగాడు. పెల్ మాత్రం తొణకలేదు. ప్రధానమంత్రికి వంగి నమస్కరించాడు.

"అయ్యా, ఉన్న పుస్తకం గురించి బడిపంతులైనా మాట్లాడతాడు. మా ప్రభువు గారు లేని పుస్తకం గురించి పావుగంట, ఎక్కడా తడబడకుండా మాట్లాడారు. పైగా కన్నీళ్ళు కూడా పెట్టుకున్నారు. పార్లమెంటులో తమరికి ఇంతకంటే పనికొచ్చే మంత్రి ఎక్కడ దొరుకుతాడు?"

ప్రధానమంత్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. "నిజమేనయ్యా! వచ్చే వారం సభలో జవాబు లేని ప్రశ్నలు పద్నాలుగున్నాయి. హేవర్లింగ్ గారూ, విద్యాశాఖ మీదే. కానీ ఈ పెల్‌ని వదులుకుంటే మాత్రం శాఖ కూడా వదులుకోవాలి."

ప్రభువు తలుపు వంక చూశాడు, మార్తా వంక చూశాడు. ఇక ఆపుకోలేక తనూ పకపకా నవ్వేశాడు. పెల్ బతికినన్నాళ్ళూ గ్రంథాలయం అతని చేతిలోనే ఉంటుందని అక్కడికక్కడే కాగితం రాసి ముద్ర వేశాడు. తన వేలి ఉంగరం తీసి అతని చేతిలో పెట్టాడు.

అతిథి బండి గేటు దాటాక ప్రభువు అటూ ఇటూ చూసి, పెల్ దగ్గరికి జరిగాడు.

"పెల్, రేపు పొద్దున వస్తాను. నాకొక పుస్తకం తీసి ఉంచు. నిజమైనది. మరీ లావుది వద్దు, బొమ్మలుంటే మంచిది."