కూత వెయ్యని కుక్కరు

దుప్పటి కప్పుకున్నావా? అటు కాదు, ఇటు తిరిగి పడుకో. నేను చెబుతూ ఉంటే నువ్వు ఊఁ కొట్టాలి మరి. ఊఁ ఆగిందంటే కథ కూడా ఆగిపోతుంది.

అనగనగా ఒక కొండ. ఆ కొండ భుజం మీద ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో ఇళ్ళు ఇరవై, చిక్కుడు మడులు మాత్రం ఎన్నో. ఎర్ర గింజలు, తెల్ల గింజలు, పిట్టగుడ్డు మీదలా చుక్కలున్న గింజలు.

ఆ ఊరికి ఒక కట్టుబాటు ఉంది. కొత్త చిక్కుడు గింజలు ఇంటికొచ్చినా ఎవరూ నోట్లో వేసుకోకూడదు. ముందు కొత్త చిక్కుళ్ళ పండగ చెయ్యాలి. ఆ రోజు ఊరందరికీ కలిపి ఒకటే కుండ, ఒకటే కూర. పంది తొడ మాంసానికి ఉప్పు రాసి, పొయ్యి పైన వేలాడదీసి, నెల్లాళ్ళు పొగ పట్టిస్తారు. పట్నంలో అలాంటి దాన్ని హామ్ అంటారట. వీళ్ళు పొగమాంసం అంటారు. ఆ మాంసంలో కొత్త గింజలు వేసి వండుతారు. తలా నాలుగు గింజలు, ఒక ముక్క. అది తిన్నాకే ఎవరింట్లో వాళ్ళు వండుకోవచ్చు.

ఆ కూర వండే మనిషి చేతికి పనసచెక్క తెడ్డు ఇస్తారు. కుండ పొయ్యి మీద ఉండగానే, సాయంత్రం డప్పులవాళ్ళు ఊరి చుట్టూ మూడుసార్లు తిరుగుతారు. మూడో చుట్టు అయ్యేసరికి కూర తయారైపోవాలి. అప్పుడు తెడ్డుతో కుండ అంచు మీద మూడు దెబ్బలు కొడతారు. ఆ చప్పుడు విన్నాకే పండగ. ఒకవేళ కూర తయారవకపోతే తెడ్డు ఇంకొకరి చేతికి పోతుంది. పోయిందంటే మళ్ళీ రాదు.

ఆ తెడ్డు పాలమ్మది. పాలమ్మ అంటే ఆ ఊళ్ళో మంచి వంటగత్తె, మంచి నోటిదురుసు మనిషి కూడా. చనిపోయేముందు వాళ్ళ అత్త ఆ తెడ్డు ఆమె చేతిలో పెట్టింది. ఇరవై రెండేళ్ళుగా ఒక్క ఏడు కూడా తప్పకుండా పాలమ్మే వండింది.

ఊఁ కొట్టవేం? ఆఁ, అలాగ.

ఆ ఏడు పాలమ్మ కంట్లో శుక్లం తీశారు. పొగ తగిలిందంటే కన్ను పోతుంది, పొయ్యి ముందు కూర్చోకు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పండగ చూస్తే నాలుగు రోజుల్లో ఉంది. పాలమ్మ తెడ్డుని ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

ఆమెకి ఒక తోడికోడలు ఉంది, కాసులమ్మ. ఆ ఊళ్ళో అక్కని అప్ప అంటారు. అప్పకి కన్ను ముఖ్యం గానీ తెడ్డు ముఖ్యమా, నాకిచ్చేస్తే పోలా అని కాసులమ్మ ఇంటింటికీ వెళ్ళి బాధపడింది. బాధపడుతూనే కొత్త చీర కూడా కొనుక్కుంది.

అప్పుడు పాలమ్మ కోడలు జెమిలి ఒక ఉపాయం చేసింది. పట్నంలో ఉన్న వాళ్ళన్నయ్య దగ్గరికి వెళ్ళి కరెంటు ప్రెషర్ కుక్కరు పట్టుకొచ్చింది. దానికి మంట లేదు, పొగ లేదు. పాలమ్మ దాని చుట్టూ తిరిగి చూసింది. తర్వాత దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది.

వాళ్ళన్నయ్య ఒక మాట మరీమరీ చెప్పి పంపాడట. మూత మీద ఎర్ర గుండీ ఒకటి ఉంటుంది. లోపల ఆవిరి ఉన్నంతసేపూ అది పైకి లేచి ఉంటుంది. అది తనంతట తాను దిగేదాకా మూత ముట్టకూడదు. అంతే.

సరే, ముందు వండి చూద్దాం అనుకుంది పాలమ్మ. కొత్త గింజలు ఇంకా నోట్లో వేసుకోకూడదు కదా, అందుకని నిరుటి గింజలు తీసింది. కడిగింది, మాంసంతో పాటు కుక్కర్లో పోసింది, మీట నొక్కింది, జెమిలితో కలిసి చిక్కుళ్ళు కొయ్యడానికి మడికి వెళ్ళిపోయింది. వచ్చి మూత తీస్తే గింజలు గులకరాళ్ళలా ఉన్నాయి. ఒకటి కోడికి వేసింది. కోడి దాన్ని పొడిచి, పాలమ్మ మొహంలోకి ఒకసారి చూసి, వెళ్ళిపోయింది.

పాలమ్మ ఆలోచించింది. మట్టికుండైతే పొద్దుట పెడితే సాయంత్రం దాకా సన్న సెగ మీద ఉడికేది. నానబెట్టే పనే ఉండేది కాదు. ఈ కుక్కరుకి అంత తీరిక లేదు. అంటే ఆ తీరికేదో గింజకి మనమే ముందు ఇవ్వాలి. అనుకుని, గింజల్ని నీళ్ళలో వేసి పడుకుంది.

రెండో రోజు గింజలు ఉబ్బి రెండింతలయ్యాయి. వాటిని కుక్కర్లో పోసి, మాంసం వేసి, ఎప్పటిలాగే గుప్పెడు ఉప్పు వేసి మళ్ళీ మడికి వెళ్ళింది. వచ్చి చూస్తే గింజలు వెన్నలా ఉడికాయి. నోట్లో పెట్టుకుంటే మాత్రం సముద్రం. కుక్కకి పెడితే అది తిన్నంత తిని, గేదె కుడితి తొట్టి సగం ఖాళీ చేసింది.

పాలమ్మ మళ్ళీ ఆలోచించింది. కుండలో ముందు మాంసం ఒక్కటే ఉడికించి, ఆ ఉప్పునీళ్ళు పారబోసి, ఆ తర్వాత గింజలు వేసేది. ఇందులో అన్నీ ఒకేసారి వేసి మూత పెట్టేయాలి. మాంసం మోసుకొచ్చిన ఉప్పు ఎక్కడికీ పోదు, గింజల్లోకే దిగుతుంది. కాబట్టి మనం వేరే ఉప్పు వెయ్యక్కర్లేదు.

అలా రెండు తప్పులు చేసి రెండు పాఠాలు నేర్చుకుంది. ఇంక పండగ నాదే అనుకుంది.

పండగ రోజు వచ్చింది. సాయంత్రానికి ఊరంతా పాలమ్మ వాకిట్లోకి చేరింది. కుక్కర్ని అరుగు మీద పెట్టారు. నానిన కొత్త గింజలు, పొగమాంసం, రెండు ఉల్లిపాయలు, గింజలు మునిగేదాకా నీళ్ళు. ఉప్పు లేదు. మూత బిగించి మీట నొక్కింది. డప్పులవాళ్ళు బయల్దేరారు.

అందరూ కూత కోసం చెవులు రిక్కించారు. ఎందుకంటే వాళ్ళు చూసిన కుక్కరు ఒక్కటే, బళ్ళో పప్పు ఉడికించేది. అది మూడు కూతలు వేస్తేనే పప్పు ఉడికినట్టు. పాలమ్మ కూడా అదే అనుకుంది. రెండు రోజులూ మడికి వెళ్ళిపోయింది కదా, ఈ కుక్కరు కూస్తుందో లేదో ఆమె విననే లేదు.

డప్పులు ఒక చుట్టు తిరిగొచ్చాయి. కూత లేదు. ఎర్ర గుండీ మాత్రం పైకి లేచి నిలబడింది.

డప్పులు రెండో చుట్టు తిరిగొచ్చాయి. కూత లేదు. జనంలో గుసగుసలు. కుక్కరుకి జలుబు చేసిందేమో అని ఒకాయన అన్నాడు. పట్నం సరుకు కదా, కొండ మీద సిగ్గుపడుతోంది అని ఇంకొకాయన అన్నాడు.

కాసులమ్మ కొత్త చీర కుచ్చిళ్ళు సర్దుకుని ముందుకొచ్చింది.

"కూయని కోడి తెల్లారగొడుతుందా, అప్పా?" అంది.

అందరూ నవ్వారు. పాలమ్మ నవ్వలేదు. ఆమె కుక్కరు కేసి చూసింది. దాని పక్కనున్న తెడ్డు కేసి చూసింది. అత్త గుర్తొచ్చింది. అత్త మట్టికుండ గుర్తొచ్చింది. అప్పుడు మెల్లగా ఆమె మొహం విచ్చుకుంది.

"కోడి కూయకపోయినా తెల్లారుతుందే, చెల్లీ. మన అత్త కుండ ఏనాడైనా కూసిందా? మరి ఉడకలేదూ?"

నవ్వులు ఆగిపోయాయి. నిజమే కదా అని ముసలాళ్ళు తలలూపారు. ఇంతలో కుక్కరు కుయ్‌మని చిన్నగా ఒక్కసారి మోగి, దాని దీపం రంగు మారింది. ఉడకడం అయిపోయిందన్నమాట. గుండీ మాత్రం ఇంకా దిగలేదు.

డప్పులు మూడో చుట్టు సగం దాటాయి. చప్పుడు దగ్గరికొస్తోంది. ఉడికిపోయిందిగా, మరి తియ్యవేం అని జనం అన్నారు. గుండీ దిగాలి అంది పాలమ్మ. ఒకాయన గునపం తెచ్చాడు. ఇలా గుచ్చి అలా లేపేస్తా, క్షణంలో పని, నీ తెడ్డు నీకు దక్కుతుంది అన్నాడు. కుక్కరు చుట్టూ పిల్లలు ముక్కులు ఎగబీలుస్తూ గుంపుగా నిలబడి ఉన్నారు.

పాలమ్మ పిల్లల్ని చూసింది. గునపాన్ని చూసింది. డప్పులు వీధి మలుపు తిరిగాయి.

ఆమె తెడ్డు తీసుకుంది. ఇరవై రెండేళ్ళ తెడ్డు. కాసులమ్మ చేతిలో పెట్టేసింది.

"ఇదిగో, తీసుకో. తెడ్డు పోతే పోయింది. ఆ ఆవిరి ఈ పిల్లల మీద పడితే నేనేం చెయ్యను? గుండీ దిగేదాకా మూత ఎవ్వరినీ ముట్టనివ్వను."

అని కుక్కరుకి అడ్డంగా చేతులు చాపి కూర్చుంది. గునపం ఆయన వెనక్కి తగ్గాడు. డప్పులు వాకిట్లోకి వచ్చి ఆగిపోయాయి. కాసులమ్మ చేతిలో తెడ్డు ఉంది గానీ, దాన్ని ఎలా పట్టుకోవాలో ఆమెకి తోచడం లేదు.

అప్పుడు, ఆ నిశ్శబ్దంలో, 'టప్' అని చిన్న చప్పుడు. ఎర్ర గుండీ దిగింది.

పాలమ్మ మూత తీసింది. వాసన లేచి వాకిలంతా పరుచుకుంది. గింజ చిట్లలేదు, నలిపితే నిలవలేదు. మాంసం పోగుపోగుగా విడిపోయింది. ఉప్పు సరిగ్గా సరిపోయింది.

తెడ్డు పట్టుకున్న మనిషే ముందు రుచి చూడాలి. కాసులమ్మ నాలుగు గింజలు నోట్లో వేసుకుంది. నమిలింది. మళ్ళీ నాలుగు వేసుకుంది. ఇంకో నాలుగు తియ్యబోతుంటే, మాకూ ఉంచవమ్మా అని డప్పులాయన అన్నాడు.

కాసులమ్మ తెడ్డు ఎత్తింది. కుక్కరు లోపలి స్టీలు గిన్నె అంచు మీద కొట్టింది. ఠంగ్. కొండ కింద దాకా వినపడింది. ఠంగ్. ఠంగ్.

"ఇవిగో నీ మూడు కూతలు, అప్పా," అంది. అని తెడ్డుని పాలమ్మ ఒళ్ళో పెట్టేసింది.

డప్పులు మళ్ళీ మోగాయి. పిల్లలకి ముందు పెట్టారు, తర్వాత పెద్దవాళ్ళు తిన్నారు. ఆ తర్వాత కాసులమ్మ మెల్లగా వచ్చి, గింజలు ఎంతసేపు నానబెట్టావు అప్పా అని చెవిలో అడిగింది. పాలమ్మ చెప్పిందా? చెప్పింది. అయితే కొత్త చీర బాగుందని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు.

ఊఁ అనడం లేదేం? కళ్ళు వాలిపోతున్నాయా? సరే.

గింజ నానె గిన్నెలో,
నిద్ర నానె కన్నులో.
గుండీ దిగె మూతకి,
రెప్ప దిగె పాపకి.
కూత లేని కథ వెళ్ళె కంచికి,
ఊఁ కొట్టి మనం వెళ్దాం ఇంటికి.