మాల తీసిన వేళ

ఏకాంబరం గురుస్వామికి ఒక అలవాటుంది. దీక్ష ముగిసి మాల తీసేముందు ప్రతి స్వామినీ, "ఇంకేమన్నా అడగాలా నాయనా?" అని అడుగుతాడు.

ఆ ఏడు అయ్యప్ప దర్శనం చక్కగా చేసుకుని కొండ దిగి ఊరికొచ్చాక, కలప అడితి కోటిలింగం అడిగాడు.

"స్వామీ, మాలలో ఉన్నన్నాళ్లూ మా పావని బంగారం. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం. తమ్ముడి మీద చెయ్యెత్తింది లేదు. అంతకుముందు వాడి వీపు రోజూ వాచేది. ఎన్ని బెత్తాలు విరిచినా మారని పిల్ల! మాల తీశాక కూడా దీన్ని ఇలాగే ఉంచాలంటే ఏం చెయ్యాలి?"

అమ్మా, అయ్యా, మీకు తెలియనిదేముంది? మెడలో మాల ఉంటే ఎదుటివాళ్లు ఎవరైనా స్వామే. కన్నకూతురైనా స్వామే. తిట్టకూడదు, కొట్టకూడదు. కోటిలింగం నియమం తప్పే మనిషి కాడు. తనతోపాటు మాల వేయించిన ఎనిమిదేళ్ల పిల్లని, "స్వామీ, అన్నం తిన్నావా?" అనే పలకరించాడు. పిల్లకి భక్తి అబ్బిందనీ, అదంతా తన క్రమశిక్షణేననీ లోలోపల మురిసిపోయాడు.

గురుస్వామి పిల్లని దగ్గరికి పిలిచాడు. శరణాలు చెప్పించి ముందు పిల్ల మాల తీశాడు. పావని నవ్వుతూ తల వంచింది. తరవాత తండ్రి మాల తల దాటిందో లేదో, ఎగిరి గురుస్వామి చెయ్యి పట్టుకుంది.

"నాన్నది తియ్యొద్దు గురుస్వామీ! మళ్లీ వేసెయ్యండి."

"నీ కూతురు నిన్ను సన్న్యాసుల్లో కలిపేసేట్టుందయ్యా!" అని చుట్టూ ఉన్న స్వాములు గొల్లుమన్నారు. కోటిలింగమూ నవ్వబోయాడు.

"మాలుంటే నాన్న నన్ను కొట్టడు. నేను తమ్ముణ్ణి కొట్టను. మాకు ఇలాగే బావుంది," అంది పిల్ల.

నవ్వులు ఆగిపోయాయి. కోటిలింగానికి చెవులు భగ్గుమన్నాయి.

"నలుగురిలో నా పరువు తీస్తావటే!"

చెయ్యి లేచింది.

పావని తల భుజాల్లోకి ముడుచుకుపోయింది. తల్లి కొంగు పట్టుకు నిలబడ్డ నాలుగేళ్ల తమ్ముడున్నాడే, వాడు తండ్రి చేతిని చూడలేదండీ. అక్క చేతిని చూసి వెనక్కి జరిగాడు.

కోటిలింగం అది చూశాడు. లేచిన చెయ్యి దించడానికి అతనికి చోటు దొరకలేదు.

గురుస్వామి గుప్పిట్లోని కోటిలింగం మాల పూసల్ని మెల్లగా నిమిరాడు.

"వీటికింకా నీ ఒంటి వేడైనా ఆరలేదు నాయనా."