గుమ్మడికాయకి నలభై అంగలు

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికి రావాల్సిన కోపమంతా ఒక్క పిల్లకే వచ్చింది. ఆ పిల్ల ఎవరనుకున్నావు లాస్యా? మీ అమ్మమ్మే. ఈ వెంగమ్మే. నవ్వావంటే కథ ఆపేస్తా. దుప్పటి కప్పుకుని విను.

ఊరి పేరు నక్కలదిన్నె. మెట్ట ఊరు. సజ్జలు, జొన్నలు, కందులు, శనగలు, అంతే. మా అమ్మ అంకమ్మ సంతలో విత్తనాలమ్మేది. గింజ అరచేతిలో వేసుకుని ఇది మొలుస్తుంది, ఇది మొలవదు అని చెప్పేది. నేను అంతకంటే గొప్పదాన్ని. నేను ఉరిమి చూస్తే మొలవని గింజ కూడా భయపడి మొలిచేది.

ఆ ఊళ్ళో ఒక బడి. బడికి ఒక అయ్యోరు. పేరు భూషణం. ఆయన బడి గోడ మీద సూర్యుడి సంసారమంతా బొమ్మ వేయించాడు. ఈ చివర సూర్యుడు. ఆ పక్కన వరసగా బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు, గురుడు, శని, యురేనస్, నెప్ట్యూను. అన్నీ నిమ్మకాయలంత. జానెడు దూరానికొకటి. అచ్చం ఇవాళ నువ్వు అట్ట మీద అంటించుకొచ్చిన థర్మకోల్ బంతుల్లాగానే. ఆ రోజుల్లో ప్లూటో అని తొమ్మిదోవాడు కూడా ఉండేవాడు. వాణ్ణి తర్వాత పెద్దోళ్ళు మరుగుజ్జు గ్రహమని వరసలోంచి లేపేశారు. నీ అట్ట మీద లేడు కాబట్టి నా కథలోనూ లేడు.

ఊరంతా ఆ గోడ చూసి మురిసిపోయింది. మాది విత్తే ఊరు కదా. గొర్రు వెనక చాలులో సమానంగా గింజ పడితేనే మంచి విత్తు అంటారు. "దేవుడు కూడా మనలాగే భలే విత్తాడయ్యా" అనుకున్నారు.

నాకు మాత్రం ఒళ్ళు మండింది.

మొదటిరోజు అడిగాను. "అయ్యోరూ, పొయ్యికి జానెడు దూరంలో సజ్జగింజ పెడితే పేలిపోద్ది. సూర్యుడికింత దగ్గరుంటే మనమెందుకు పేలలేదు?" కూర్చోమన్నాడు. రెండోరోజు మా పాఠాల పుస్తకం పట్టుకెళ్ళాను. అందులోనూ అదే బొమ్మ, దాని కింద చీమ తలకాయలంత అక్షరాలు. ఆ అక్షరాల్లో వేరే లెక్క ఉంది. చదివి వినిపిస్తానన్నాను. నోరు మూసుకోమన్నాడు. మూడోరోజు మళ్ళీ లేచాను.

అప్పుడు ఆయనకీ కోపమొచ్చింది. బెత్తంతో బల్ల మీద కొట్టి, "గింజలమ్ముకునే దానికి గ్రహాలెందుకే? బయటికి పో! బొమ్మ తప్పని చూపిస్తేనే లోపలికి రా. లేకపోతే సంతకే పో" అన్నాడు.

పలక చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాను. దారిలో నా కోపానికి మూడు జిల్లేడు చెట్లు ఎండిపోయాయి. కావాలంటే వెళ్ళి చూడు, ఇప్పటికీ మొలవలేదు.

మా అమ్మకి అక్షరం ముక్క రాదు. కానీ విని, ఎసట్లో బియ్యం కూడా పొయ్యకుండా లేచింది. "ఆ పుస్తకంలో ఏముందో చదువు" అంది.

చదివాను. నూటతొమ్మిది భూములు పక్కపక్కన పేరిస్తే సూర్యుడి వెడల్పంట. నూట ఎనిమిది సూర్యుళ్ళని పేరిస్తే భూమి దాకా వస్తుందంట.

అప్పుడు అమ్మ సజ్జగింజలు నూటతొమ్మిది వరసగా పేర్చింది. ఆ వరసంత వెడల్పున్న గుమ్మడికాయ అటక మీద నుంచి దించింది. "ఇదే మీ సూర్యుడు. నీ భూమి ఈ సజ్జగింజ" అంది. ఆ తర్వాత గుమ్మడికాయ వెడల్పున పుల్ల విరిచి, వీధిలో నూట ఎనిమిది సార్లు కొలిచింది. నా అంగల్లో సరిగ్గా నలభై అంగలు.

చిన్న పిల్లవి, అంత అంగలేం వేస్తావంటావా? కోపంగా నడిస్తే అంగ పొడుగవుద్ది. నీకు తెలీదు.

మర్నాడు బడి ముందు గుమ్మడికాయ పెట్టాను. నలభై అంగలేసి సజ్జగింజ నేల మీద పెట్టాను. "అయ్యోరూ, రండి!" అని కేకేశాను. ఆయన చెప్పులేసుకుని వచ్చేలోపు ఒక కోడి వచ్చి భూమిని మింగేసింది. బడంతా ఒకటే నవ్వు. ఆ కోడి ఆ పూట పెట్టిన గుడ్డులో ఉప్పు నీళ్ళున్నాయంటే నమ్ము, సముద్రాలన్నీ మింగింది కదా.

రెండోసారి పుస్తకంలో లెక్క చూసి మిగతా గ్రహాలూ పెట్టి, భూమి గింజ మీద కాపలా కూర్చున్నాను. అప్పుడు గాలొచ్చింది. పదహారో అంగ దగ్గరున్న బుధుడు ఎగిరిపోయాడు. వాడు గసగసాల గింజంతే మరి. మళ్ళీ నవ్వారు. అయ్యోరు మీసం కింద నవ్వాడు. అది నాకు బాగా గుర్తు.

ఏడుపు రాలేదా అంటావేంటే? నాకా? కళ్ళలో దుమ్ము పడింది, అంతే.

మూడోసారి అమ్మే వచ్చింది. సంతకి పోవడం మానేసి వచ్చింది. ఎనిమిది కంది పుల్లలు, తలా ఒక మట్టిముద్ద, ముద్దకొక గింజ. కోడికి అందదు, గాలికి ఎగరదు. "ఇక నడువు" అంది. "ఈ అయ్యోరు కూడా నడుస్తాడు. పిల్లని బయటికి పంపినోడు ఆ బయట ఎంతుందో చూడాలి కదా."

ఊరంతా చూస్తోంది. అయ్యోరు నడవక చస్తాడా?

పదహారో అంగకి బుధుడు. ఇరవైతొమ్మిదికి శుక్రుడు, సజ్జగింజ. నలభైకి మన భూమి, ఇంకో సజ్జగింజ. దానికి నాలుగు వేళ్ళ దూరంలో నూకంత రవ్వ అంటించాను, అది చందమామ. అరవైకి కుజుడు, ఆవగింజ.

"అయిపోయిందా?" అన్నాడు అయ్యోరు.

"ఇంకా వీధి మలుపే తిరగలేదు" అన్నాను.

రెండొందల అంగలకి గురుడు. అందర్లోకీ పెద్దోడు, ఉసిరికాయంత. వాడి దగ్గరికే గడ్డివాములు దాటాం. మూడొందల ఎనభైకి శని, కుంకుడుకాయ. చుట్టూ తాటాకు రేకు కట్టాను, వాడికి వడ్డాణం ఉంది కదా. అక్కడికి అయ్యోరి చొక్కా తడిసింది. ఏడొందల అరవైకి యురేనస్, శనగగింజ. అక్కడ ఆయన చెప్పు తెగింది. నేను ఆగలేదు. పన్నెండొందల అంగలకి నెప్ట్యూను, ఇంకో శనగగింజ. అది పక్కూరి పొలిమేర. వెనక్కి చూస్తే గుమ్మడికాయ లేదు, బడి లేదు, ఊరు కూడా సగమే.

అయ్యోరు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నాడు. "ఈ తర్వాత ఏముందే?" అన్నాడు.

"చుక్కలున్నాయి అయ్యోరూ. మన సూర్యుడూ ఒక చుక్కే. ఆయన పక్కింటి చుక్క ఇంకో గుమ్మడికాయ అనుకోండి. దాని దగ్గరికి పోవాలంటే కోటి అంగలు పైనే. పదండి."

ఆయన కదల్లేదు.

అప్పుడు నా కోపం ఇంతా అంతా కాదు. "అయ్యోరూ, మీ బడి, మీ బెత్తం, మా సంత, అన్నీ ఆ సజ్జగింజ మీదే కదా. గింజ దాటితే అంతా బయటే. మరి నన్ను ఏ బయటికి పొమ్మన్నారు?"

అయ్యోరు వెనక్కి తిరిగి, కనబడని బడి వైపు చూశాడు.

అప్పుడు అన్నాడు, "నిజం బొమ్మ వెయ్యాలంటే గోడ చాలదే వెంగమ్మా."

"ఆ ముక్క గోడ మీద రాయొచ్చుగా!" అంది మా అమ్మ. అక్షరం రాని మా అమ్మ.

ఆయన తెగిన చెప్పు చేత్తో పట్టుకుని పన్నెండొందల అంగలూ వెనక్కి నడిచాడు. బొగ్గు ముక్క తీశాడు. బొమ్మ కింద పెద్దక్షరాలతో రాశాడు: "బొమ్మ సరిగ్గా లేదు. గోడ చాలలేదు." ఆ తర్వాత పక్కకి జరిగి నాకు దారిచ్చాడు. నేను లోపలికి వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాను.

ఆ తర్వాతా? అయిదో తరగతితో మా నాన్న చదువు మానిపించేశాడు. పై బడి మూడూళ్ళ అవతలంట, ఆడపిల్లకి దూరమంట. కోటి అంగలు లెక్కపెట్టిన దానికి మూడూళ్ళు దూరమా? ఆ కోపం ఇవాళ్టికీ చల్లారలేదు. అందుకే పొద్దున నీ అట్ట చూసి అరిచాను. నీ మీద కాదే పిచ్చిమొహమా.

రేపు పొద్దున్నే లేచి, ఆ బంతుల కింద రాయి: "అట్ట చాలలేదు." మీ టీచరు బయటికి పొమ్మంటే చెప్పు. అటక మీద గుమ్మడికాయ ఉంది. నా మోకాళ్ళు ఇంకా పన్నెండొందల అంగలు వేస్తాయి. ఆమె మోకాళ్ళ సంగతే చూడాలి.

గుమ్మడికాయ అటకకి,
సజ్జగింజ మొలకకి,
శనగగింజ పొలిమేరకి,
నా కోపం నాకు, నీ కునుకు నీకు,
కథేమో కంచికి, మనమేమో మంచానికి.